రాత్రికి కంప్యూటర్: స్లీప్ మేలా, హైబర్నేట్ మేలా, మెయిన్ స్విచ్చే మేలా?

డెస్క్‌టాప్ పనిలేకుండా ఆన్‌లో ఉన్నా క్యాబినెట్ 50–60 వాట్లు లాగుతుంది, మామూలు ఎల్‌ఈడీ మానిటర్ ఇంకో 20. మొత్తం 80 అనుకుందాం. రాత్రి పదింటికి అలాగే వదిలి పొద్దున ఎనిమిదింటికి వచ్చి కూర్చుంటే నెలకు 24 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో సవరించిన టారిఫ్‌లో ఇళ్లకు 126–225 శ్లాబులో యూనిట్ 6 రూపాయలు, 226–400 శ్లాబులో 8.75. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో కూలర్‌కు తోడు ఏసీ కూడా తిరిగే ఇల్లయితే ఆ పై శ్లాబులో పడటం మామూలే. అప్పుడు ఆ 24 యూనిట్లకే 210 రూపాయలు, ఇంధన సర్దుబాటు ఛార్జీ కాక.

స్క్రీన్ సేవర్ పెట్టాం కదా అంటే లాభం లేదు. అది పాత గాజు మానిటర్ల మీద బొమ్మ మచ్చ పడకుండా పుట్టిన ఏర్పాటు, కరెంటుకు దానికి సంబంధం లేదు. బొమ్మలు ఎగిరే రకమైతే గ్రాఫిక్స్ కార్డుకు ఇంకాస్త పని.

స్లీప్‌లో ర్యామ్‌కు, అంటే తెరిచిన పనులు తాత్కాలికంగా ఉండే మెమరీకి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. డెస్క్‌టాప్‌కు 2–4 వాట్లు. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా సీ డ్రైవ్‌లోని ఒక ఫైల్‌లోకి రాసి మిషన్ ఆగిపోతుంది. అప్పుడు పోయేది షట్‌డౌన్‌లో పోయినంతే, వాటు అటూ ఇటూగా. షట్‌డౌన్ చేశాక కూడా మౌస్ కింద ఎర్ర లైటు వెలుగుతూ ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, పవర్ సప్లై 5 వోల్టుల లైను ఒకటి ఎప్పుడూ బతికే ఉంటుంది. బయాస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఈఆర్‌పీ (ErP) అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేస్తే అదీ అర వాటుకు దిగుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. పది గంటల రాత్రులు నెలంతా స్లీప్‌లో పెడితే యూనిట్‌లోపే. హైబర్నేట్ అయితే పావు యూనిట్ చిల్లర. రెండింటికీ తేడా ఐదారు రూపాయలు. కాబట్టి ఈ రెండింటిలో ఏది మేలో తేల్చాల్సింది బిల్లు కాదు, మీ వీధిలో కరెంటు ఎలా ఉంటుందన్నది.

ముంగారు వానలకు ముందు మే నెలాఖరు సాయంత్రాల్లో గాలి లేచిందంటే కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. స్లీప్‌లో ఉన్న మిషన్‌కు ఒక్కసారి కరెంటు తెగితే ర్యామ్ ఖాళీ. సేవ్ చేయని ఎక్సెల్ షీట్ దాంతోపాటే పోతుంది. యూపీఎస్ ఉందిలే అని ధీమా పడకండి. కొన్ని యూపీఎస్‌లకు లోడ్ మరీ తక్కువైతే తమంతట తామే అవుట్‌పుట్ ఆపేసే గుణం ఉంటుంది. స్లీప్‌లోని 3 వాట్లను అవి లోడ్‌గానే గుర్తించవు. కరెంటు పోయిన కాసేపటికి 'మిషన్ ఏమీ వాడట్లేదు' అనుకుని ఆరిపోతాయి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లకు ఇంకో చిక్కు: ఇన్వర్టర్ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో లేకుంటే మారే ఆ క్షణకాలం చాలు, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

అందుకే డెస్క్‌టాప్‌కు నా ఓటు ఇలా: పగలు లేచి వెళ్లినప్పుడు 15 నిమిషాలకు స్లీప్, రాత్రికి హైబర్నేట్. విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌లో హైబ్రిడ్ స్లీప్ ఉంటే అది ఆన్‌లో ఉంచండి. స్లీప్‌కు పోయేటప్పుడే డిస్క్‌లో కూడా కాపీ రాసి పెడుతుంది, మధ్యలో కరెంటు పోయినా పని దక్కుతుంది.

హైబర్నేట్ మెనూలో కనిపించదు, అందుకే చాలామంది దాన్ని వాడరు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అక్కడ ఎడమ పక్కన పవర్ బటన్ ఏం చేయాలో ఎంచుకునే లింకు. పైన ఉన్న 'ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చు' అనే వాక్యం నొక్కితే కింద హైబర్నేట్ గడి తెరుచుకుంటుంది, టిక్ పెట్టి సేవ్ చేయాలి. గడే లేకుంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి స్లాష్, హెచ్, మళ్లీ ఖాళీ, ఆన్ (powercfg /h on). ఫైల్‌కు జాగా ర్యామ్‌లో 40 శాతం పోతుంది, 8 జీబీ ఉంటే 3 జీబీకి పైన. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం అక్కర్లేదు, రోజుకు 3 జీబీ రాసినా ఏడాదికి ఒక టీబీ లెక్క, మామూలు డిస్కులు దాని కంటే ఎన్నో రెట్లు తట్టుకుంటాయి. పాత హార్డ్ డిస్క్ అయితే లేవడానికి నిమిషం దాకా పట్టొచ్చు, ఓపిక కావాలి.

స్లీప్‌లో పెట్టింది అర్ధరాత్రి దానంతట అదే లేస్తే మొదట మౌస్‌ను అనుమానించండి. బల్లకు కాలు తగిలినా, ఫ్యాన్ అదురుకు కదిలినా మేలుకుంటుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్ ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ను లేపడానికి అనుమతించే గడి తీసేయండి, కీబోర్డుతో లేపుకోవచ్చు. నెట్‌వర్క్ కార్డుకూ ఇదే.

ఇక మెయిన్ స్విచ్, అంటే ప్లగ్ దగ్గరి గోడ స్విచ్. ఇందులో మిగిలేది కంప్యూటర్ దగ్గర కాదు, యూపీఎస్ దగ్గర. లోడ్ లేకున్నా చాలా యూపీఎస్‌లు 5–10 వాట్లు తింటూనే ఉంటాయి; 8 అనుకుని రోజుకు 14 గంటలు ఆపితే నెలకు 3 యూనిట్లకు పైన. స్లీప్‌కు హైబర్నేట్‌కు ఉన్న తేడా కంటే ఇది ఎక్కువ. వరుస మాత్రం తప్పకూడదు: ముందు హైబర్నేట్, తర్వాత యూపీఎస్ ముందరి బటన్, చివరగా గోడ స్విచ్. గోడ స్విచ్ మాత్రమే ఆపితే అది కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీద కూతలు మొదలుపెడుతుంది, రోజూ అలా చేస్తే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ త్వరగా చస్తుంది. మన ఎండలకు అసలే దాని ఆయుష్షు తక్కువ. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకు సగమవుతుందని లెడ్ యాసిడ్ బ్యాటరీలకు వాడే లెక్క. అల్మరాలో మూసి పెట్టకండి.

మెయిన్ స్విచ్‌కు ఒక ఖర్చు ఉంది. గోడ దగ్గర ఆపితే గడియారం మదర్‌బోర్డు మీది 2032 నాణెం బ్యాటరీతో నడుస్తుంది, అది త్వరగా అయిపోతుంది. తారీఖు ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి, ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదని వస్తే వైరస్ కాదు, ఆ బ్యాటరీ. ఉరుములు మెరుపుల రాత్రి మాత్రం ఆలోచించక్కర్లేదు: ప్లగ్ పీకాలి, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకాలి. పిడుగు ఆ దారిలోనూ వస్తుంది.

ల్యాప్‌టాప్‌లకు స్లీప్ నమ్మదగ్గది కాదు. కొత్త వాటిలో మోడర్న్ స్టాండ్‌బై పేరుతో మూత మూసినా లోపల మెయిళ్లు, అప్‌డేట్లు నడుస్తాయి. కర్నూలు నుంచి హైదరాబాద్ బస్సులో బ్యాగులో వేడెక్కి, దిగేసరికి బ్యాటరీ అడుగంటుతుంది. అదే పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే హైబర్నేట్ అని పెట్టుకోవడమే దారి.