ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ కోడ్ పడితే ఈఎల్ఎం327 అడాప్టర్ ఎంతవరకు పనికొస్తుంది?

బండిలోని ఓబీడీ సాకెట్‌కి (తప్పులు చదివే సాకెట్) తగిలిస్తే ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే ఈఎల్ఎం327 అడాప్టర్‌ని ఎక్కువమంది ఇంజిన్ లైట్ ఆర్పడానికే కొంటారు. ఆయిల్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ విషయంలో మాత్రం దీని అసలు విలువ లైవ్ డేటాలో, అంటే సెన్సర్ల రీడింగులను అప్పటికప్పుడు చూపడంలో ఉంది. ఆ పనికి దీన్ని గట్టిగా సిఫారసు చేయవచ్చు. కాకపోతే చేతిలో మల్టీమీటర్ కూడా ఉండాలి. ఒక్క అడాప్టర్‌ని నమ్ముకుని సెన్సర్ మార్చేస్తే డబ్బు దండగయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ముందు కోడ్, అంటే బండి కంప్యూటర్ నమోదు చేసే తప్పు నంబరు సంగతి. పీ0195 నుంచి పీ0199 వరకు అన్నీ ఈ సర్క్యూట్‌వే. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) లోపలున్న ఒక రెసిస్టర్ గుండా సెన్సర్‌కి 5 వోల్టులు వెళ్తాయి. ఆయిల్ వేడెక్కేకొద్దీ సెన్సర్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాంతో సిగ్నల్ వోల్టేజీ కూడా పడిపోతుంది. పీ0197 అంటే వోల్టేజీ మరీ తక్కువని: సిగ్నల్ వైర్ ఎక్కడో బాడీకి తగిలి ఉండాలి, లేదా సెన్సర్ లోపలే షార్ట్ అయి ఉండాలి. పీ0198 అంటే వోల్టేజీ మరీ ఎక్కువని: వైర్ తెగింది, లేదా పిన్ వదులైంది. పీ0198 చూసి ఆయిల్ మరిగిపోతోందని కంగారుపడేవాళ్లున్నారు. అప్పుడు ఈసీయూకి కనిపించేది అతి చల్లని ఆయిల్.

ఇక్కడే అడాప్టర్ తన ఖరీదుకి న్యాయం చేస్తుంది. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఆయిల్, కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడూ దాదాపు ఒకేలా ఉండాలి. ఆయిల్ ఒక్కటే పది డిగ్రీలకు మించి తేడాగా ఉంటే దాన్ని అనుమానించాలి. తర్వాత సెన్సర్ కనెక్టర్ ఊడదీయండి. రీడింగ్ మైనస్ 40 డిగ్రీల దగ్గరికి పడిపోవాలి. పడలేదంటే సిగ్నల్ వైర్ గ్రౌండ్‌కి (బండి బాడీకి) తగులుతోందన్నమాట. పడితే, కనెక్టర్‌లోని రెండు పిన్నులను చిన్న వైర్‌తో కలపండి. రీడింగ్ గరిష్ఠానికి ఎగబాకాలి. రెండు పరీక్షలూ ఇలాగే వస్తే వైరింగ్, ఈసీయూ బాగున్నట్టే, తప్పు సెన్సర్‌దే. పిన్నులు కలిపినా రీడింగ్ కదలకపోతే సిగ్నల్ పిన్నును నేరుగా ఇంజిన్ బ్లాక్‌కి తాకించండి. అప్పుడు కదిలితే సెన్సర్ గ్రౌండ్ వైర్ తెగింది, అప్పటికీ కదలకపోతే సిగ్నల్ వైర్ తెగింది. ఈ పరీక్ష రెండు పిన్నుల సెన్సర్‌కి మాత్రమే. మూడు, నాలుగు పిన్నులున్నవాటిలో గుడ్డిగా పిన్నులు కలిపితే మిగతా సెన్సర్ల 5 వోల్టుల సప్లై కూడా పడిపోవచ్చు.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, అడాప్టర్ చూపేది ఈసీయూ నమ్ముతున్న అంకెను, వైర్‌లో ఉన్న వోల్టేజీని కాదు. తప్పు దొరకగానే కొన్ని ఈసీయూలు కూలెంట్ ఉష్ణోగ్రతనో, తాము లెక్కగట్టిన విలువనో ఆయిల్ ఉష్ణోగ్రతగా చూపిస్తాయి. కనెక్టర్ ఊడదీసినా స్క్రీన్ మీద 85 డిగ్రీలు నిక్షేపంగా కనబడుతుంది. అలాంటప్పుడు మీటర్ తప్ప దారి లేదు: ఊడదీసిన కనెక్టర్‌లో సిగ్నల్, గ్రౌండ్ పిన్నుల మధ్య 5 వోల్టులకు దగ్గరగా రావాలి. కొన్ని బండ్లకి అసలు ఈ సెన్సరే ఉండదు. కొన్నిటిలో ఆయిల్ లెవెల్, ఉష్ణోగ్రత కలిపి పల్సుల రూపంలో పంపే సెన్సర్ ఉంటుంది, దాన్ని సరిగా చూడాలంటే ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పులను గీతగా చూపే పరికరం) కావాలి.

రెండో లోపం వేగం. చౌకరకం నకళ్లు సెకనుకు కొద్ది రీడింగులే ఇస్తాయి. క్షణకాలం వచ్చి పోయే పీ0199 తరహా తప్పు వాటి కంట పడదు. వైరింగ్‌ని అటూ ఇటూ కదుపుతూ మీటర్‌ని మిన్-మాక్స్‌లో (అతి తక్కువ, అతి ఎక్కువ విలువలను పట్టి ఉంచే మోడ్) పెట్టి చూడటం మేలు. అన్నట్టు, పెట్టె మీద వెర్షన్ 1.5 అని ఉంటే అది నకలే. అసలు తయారీదారు ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ ఆ నంబరుతో చిప్ విడుదల చేయలేదు.

అడాప్టర్ ఒక్కదానితో తేల్చలేని తప్పు ఇంకోటుంది: తుప్పు పట్టిన పిన్ను. బాగా వాడుకలో ఉన్న ఒక రకం సెన్సర్ 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర సుమారు 186 ఓమ్‌లు చూపుతుంది. పిన్ను దగ్గర 100 ఓమ్‌లు అదనంగా చేరితే, చల్లగా ఉన్నప్పుడు ఒక డిగ్రీ కూడా తేడా రాదు. వేడెక్కాక మాత్రం 100 డిగ్రీల ఆయిల్ 85 లోపే ఉన్నట్టు కనిపిస్తుంది. కనెక్టర్‌లో తేమ చేరి పిన్నుల మధ్య కరెంట్ లీకైతే దీనికి సరిగ్గా తిరగబడి, తేడా చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. అందుకే ఉదయం చల్లని ఇంజిన్‌తో చేసిన పరీక్ష బాగా వచ్చిందని అక్కడితో ఆగిపోకూడదు. ఇంజిన్ వేడెక్కాక గ్రౌండ్ పిన్ను నుంచి బ్యాటరీ నెగటివ్‌కి వోల్టేజీ కొలవండి. 0.05 వోల్టులు దాటితే గ్రౌండ్ దారిలో అడ్డంకి ఉంది. సెన్సర్ ఓమ్‌లు మాత్రం కనెక్టర్ ఊడదీశాకే కొలవాలి, మీ బండి సర్వీస్ మాన్యువల్ పట్టికతోనే పోల్చాలి.

సెన్సర్ మార్చాల్సి వస్తే ఇంజిన్ చల్లారాకే విప్పండి, కింద గిన్నె పెట్టండి, వాషర్ లేదా ఓ-రింగ్ కొత్తది వేయండి. ఒకే పిన్ను ఉన్న సెన్సర్‌కి మరలే గ్రౌండ్, వాటికి టెఫ్లాన్ టేప్ చుట్టకూడదు. తెగిన వైర్‌కి ఇన్సులేషన్ టేప్ చాలదు. క్రింప్ చేసి (లోహపు తొడుగుతో నొక్కి కలిపి), లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) వేయాలి. కోడ్ చెరపడం చిట్టచివరి పని. చెరిపితే ఫ్రీజ్ ఫ్రేమ్ (తప్పు పడిన క్షణంలో నమోదైన రీడింగులు) కూడా పోతుంది కాబట్టి ముందే దాని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. పని అయ్యాక అడాప్టర్ తీసేయండి, చాలా బండ్లలో ఓబీడీ సాకెట్‌కి ఇగ్నిషన్ ఆపినా కరెంట్ వస్తూనే ఉంటుంది.