దుగరాజపట్నం పక్క సొరచేప వేట ట్రిప్పు: అయిదుకి నాలుగు, లైఫ్ జాకెట్ల కాడ ఒక మార్కు కోత

తిరుపతోళ్ళకి సముద్రం అంటే మద్రాసు, లేదంటే మైపాడు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు సూళ్ళూరుపేట, వాకాడు మన జిల్లాలోకి వచ్చేసినాయి కదా, ఆ లెక్కన తూపిలిపాళెం, దుగరాజపట్నం తీరం ఇప్పుడు మనదే, చానా మందికి ఆ సంగతి గుర్తే ఉండదు. ఆ పక్క ఒక పల్లెలో ఫైబర్ బోటోళ్ళు మనలాంటోళ్ళని కూడా వేటకి ఎక్కించుకుంటారని మా ఆఫీసులో వాకాడు అబ్బాయి చెప్తే నలుగురం పోయొచ్చినాం. బోర్డు లేదు, ఆఫీసు లేదు, అంతా ఫోన్లో మాటే, కాబట్టి పేరు అడగొద్దు.

ఫస్టు అనుకున్న తేదీకి పోలేకపోయినాం. శ్రీహరికోటలో రాకెట్టు ఉండింది, ఆ రోజు ఆ చుట్టుపక్కల సముద్రంలోకి బోట్లు పోకూడదు. అడ్వాన్సు పోయినట్టే అనుకున్నా కానీ బోటాయనే ఫోన్ చేసి "వచ్చే వారం రా అబ్బయా, డబ్బులు ఎక్కడికీ పోవు" అన్నాడు. నలుగురికి కలిపి 8,000, డీజిలు, ఐసు, ఎర అన్నీ అందులోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాత్రం ఎవరు పిలిచినా పోవద్దు, మన తూర్పు తీరం అంతా 61 రోజులు వేట బందు, చేపలు గుడ్లు పెట్టే కాలం.

రాత్రి ఒంటిగంటన్నరకి కారులో బయల్దేరి కాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు దాటి పోయినాం. నాలుగున్నరకి ఒడ్డున ఉండాం. అక్కడే మొదటి తలనొప్పి. నలుగురికి లైఫ్ జాకెట్లు రెండే. "ఏం కాదన్నా, మేం ఎప్పుడన్నా ఏసుకున్నామా" అంటా నవ్వుతా ఉండారు, వాళ్ళు పుట్టిందే నీళ్ళల్లో, నేను అలిపిరి మెట్లెక్కేవాడిని గానీ ఈతొచ్చినోడిని కాదు కదా. గట్టిగా అడిగితే పక్క బోటోళ్ళ దగ్గర ఇంకో రెండు తెచ్చినారు, దాంట్లో ఒకదానికి బెల్టు తెగిపోయుంటే వల తాడుతో కట్టినారు. ముందే ఫోన్లో అడగండి, ఇదొక్కటి వాళ్ళు మార్చుకోవాల.

అలలు దాటేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాం, ఆ తర్వాత నున్నగా పోయింది. ముందు సరుగుడు తోపులు కనపడకుండా పోయినాయి, చివరికి లైట్‌హౌసు. ఇంగ్లీషోళ్ళు మద్రాసుకంటే ముందే దుగరాజపట్నంలో దిగి వ్యాపారం పెట్టుకున్నారంట, మ్యాపుల్లో ఆర్మగాం అని రాసేది దీన్నే, లైట్‌హౌసుకి ఇంకా ఆ పేరే. రెండు గంటలు ఇంజను కొట్టుకుంటా పోయినాక ఆపినారు. నేను టీవీలో చూసినట్టు కుర్చీలో కూర్చుని రాడ్డు పట్టుకుని సొరని లాగేస్తామనుకున్నా, అట్టాంటిది ఏం లేదు ఇక్కడ. పొడుగాటి తాడు, దానికి బారెడు బారెడు దూరంలో చిన్న తాళ్ళు, ఒక్కోదానికి ఒక గాలం, గాలం పైన జానెడు ఇనప తీగ, ఎందుకంటే నైలాను అయితే సొర పళ్ళతో పుటుక్కున తెంపేస్తుంది. ఎరకి కవళ్ళు, కానాగంతలు అనే చేపలు. మా చేత కూడా గుచ్చించినారు, నేను పది గుచ్చేలోపల బోటులో పనిచేసే పిల్లోడు యాభై గుచ్చేసినాడు.

తాడు వదిలినాక రెండు గంటలు ఊరికే ఉండాల, అసలు కష్టం అప్పుడే. బోటు నడిచేటప్పుడు ఏం కాలేదు, ఆగి ఊగేటప్పుడు మా వాళ్ళు ముగ్గురు వరసగా కక్కినారు. ముందురాత్రి మాత్ర వేసుకున్నా కాబట్టి నేను బతికిపోయినా. పైన నీడ లేదు, బాత్రూము సంగతి అడగొద్దు, ఆడోళ్ళని తీసుకుపోయే ట్రిప్పు ఇది కాదు. తిండి మీరే కట్టుకోవాల, పులిహోర పొట్లాలు బానే పనికొచ్చినాయి.

ఇంక అసలు సంగతి బోటులో ఉండే పెద్దాయన. అరవై దాటుంటాయి, ఆయన భాషలో సగం తమిళం. తాడు లాగేటప్పుడు రెండు వేళ్ళు తాడు మీద పెట్టి కళ్ళు మూసుకుంటాడు. "జెల్ల" అంటాడు, జెల్లే వస్తుంది. "ఎర మింగేసి పోయింది" అంటాడు, ఖాళీ గాలం వస్తుంది. నాలుగోసారి "సొర, చిన్నది, తల పక్కకి ఊపతా ఉంది" అన్నాడు. పాల సొర. నా చెయ్యంత ఉంది, నాలుగు కేజీలు ఉంటుందేమో. తల నుంచి తోకకి నిమిరితే నున్నగా ఉంది, తోక నుంచి తలకి నిమిరితే ఉప్పుకాగితమే, వేలు గీసుకుంది. సొరకి పొలుసులు కూడా పళ్ళ లాంటివే అంట. అక్కడికక్కడే కడుపు కోసి ఐసులో పెట్టినారు, లివరు చూస్తే కడుపులో సగం అదే. మామూలు చేపకి తేలడానికి గాలి తిత్తి ఉంటుంది, సొరకి అది లేదు, ఆ లివర్లో నూనే దాన్ని కొంచెం తేలగొడతాది.

మొత్తం మూడు పడినాయి. ఇంకోటి మూరెడు కూడా లేదు, గాలం తీసి నీళ్ళలోకి ఇసిరేసినాడు పెద్దాయన. ఒకసారి వలలో ఒళ్ళంతా తెల్ల చుక్కలుండే తిమింగల సొర పడిందంట, వల కోసి వదిలేసినారంట. 2001 నుంచి దానికి పులికున్న చట్టమే, పట్టుకుంటే జైలు. ముందు సొర రెక్కల కోసం మద్రాసు నుంచి ఏపారస్తులు వచ్చేవాళ్ళు, 2015లో రెక్కల ఎగుమతి ఆపేసినాక ఎవరూ రాలేదు అన్నాడు.

పదకొండు గంటలప్పుడు తాడు ఆగిపోయింది. ఇద్దరు లాగినా రాలేదు. పెద్దాయన వేళ్ళు పెట్టి ఈసారి ఏం చెప్పలే, మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు, అంతే. తాడు సర్రుమని పోయింది, పిల్లోడి చెయ్యి కమిలింది, నీళ్ళల్లో బూడిద రంగు వీపు ఒక్క క్షణం కనపడిందో లేదో, తాడు వదులైపోయింది. లాగి చూస్తే తీగ తెగలేదు, గాలం మాత్రం మేకు మాదిరి నిట్టనిలువుగా సాగిపోయుంది. ఫోటో తీద్దామని ఎవరికీ తోచలేదు. ఆ గాలం నాకు ఇచ్చేసినాడు పెద్దాయన, ఇప్పుడు ఆఫీసులో కంప్యూటర్ పక్కన ఉంది, నాలుగు మార్కులూ దానికే.

చివరగా ఒక సలహా, శుక్రవారం పోవద్దు. మేము అదే తప్పు చేసినాం. రాత్రి ఎనిమిదిన్నరకి ఐసు పెట్టె మోసుకుని ఇంటికి పోతే మా అమ్మ "రేపు శనివారం, ఆ పెట్టె గడప దాటకూడదు" అనింది. సొరని ఎక్కువ సేపు పెట్టుకోకూడదు, దాని కండలో యూరియా ఉంటుంది, ఆలస్యమైతే అది అమ్మోనియా అయి ముక్కు బద్దలయ్యే వాసన. దాంతో కొర్లగుంటలో ఫ్రెండు ఇంటికి పరిగెత్తినాం. వాళ్ళమ్మ పసుపేసి ఉడికించి, తోలు ఒలిచి, చేత్తో పొడిపొడిగా చిదిపి నీళ్ళు పిండేసి, ఉల్లిగడ్డ, తెల్లగడ్డ, పచ్చిమిరపకాయ, మిరియాల పొడితో సొర పుట్టు చేసింది, పన్నెండు కొట్టేలోపల గిన్నె ఖాళీ. ముల్లు లేదు, ఉండేది మెత్తని ఎముకే.

ఆదివారం పొద్దున్నే మా అమ్మ కాఫీ ఇస్తా ఇస్తా మెల్లిగా అడిగింది, "ఏం నైనా, నాకేమన్నా మిగిల్చినారా?"