కాలేజీ నుంచి చమురు కంపెనీకి వెళ్లే దారిలో ఓపెన్‌డీటెక్ట్

చమురు రంగంలో చాలాకాలం సైస్మిక్ ఇంటర్‌ప్రెటేషన్ (భూమిలోకి పంపిన తరంగాల ప్రతిధ్వనులను చూసి పొరలను గుర్తించడం) చేసి, ఇప్పుడు ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ విద్యార్థులకు పాఠాలు చెబుతున్న నేను, రెండు సెమిస్టర్లుగా ప్రాక్టికల్స్‌కు ఓపెన్‌డీటెక్ట్‌నే వాడిస్తున్నాను. నెదర్లాండ్స్‌కు చెందిన డీజీబీ ఎర్త్ సైన్సెస్ రూపొందించిన ఈ ఇంటర్‌ప్రెటేషన్ సాఫ్ట్‌వేర్ మూల భాగం ఓపెన్ సోర్స్.

సాఫ్ట్‌వేర్ కంటే దానితో ఉచితంగా దొరికే ఎఫ్3 డేటాయే నాకు విలువైనదిగా తోచింది. ఉత్తర సముద్రంలోని డచ్ భాగంలో 1987లో జరిపిన ఈ త్రీడీ సర్వేలో సుమారు 650 ఇన్‌లైన్లు (సర్వే గీతలు), వాటికి అడ్డంగా 950 క్రాస్‌లైన్లు 25 మీటర్ల ఎడంతో ఉన్నాయి. నాలుగు బావుల లాగ్‌లు (లోతు వెంబడి రాళ్ల గుణాల కొలతలు) కూడా ఇచ్చారు. కంపెనీలు తమ డేటాను బయటపెట్టవు కనుక, తరంగ సమీకరణాన్ని గడగడా అప్పజెప్పగల విద్యార్థి కూడా ఉద్యోగంలో చేరేదాకా నిజమైన త్రీడీ వాల్యూమ్‌ను చూడకపోవడం మామూలే. మా తరమైతే కాగితపు సెక్షన్ల మీద రంగు పెన్సిళ్లతో పొరలు గీయడం నేర్చుకున్నది, అదీ కొలువులో చేరాకే.

ఇన్‌లైన్ 425 తెరిస్తే, నది మేట వేసుకుంటూ సముద్రంలోకి జరిగిన డెల్టా పొరలు వంపులు తిరిగి కనిపిస్తాయి. గోదావరి పాయల మధ్య పెరిగిన పిల్లలకు నేను వేరే వివరణ ఇవ్వనక్కర్లేకపోయింది. అయితే ఒక విద్యార్థి హొరైజన్‌ను (ఒక పొర హద్దును) ఆటోట్రాకింగ్‌కు, అంటే కంప్యూటరే గీసుకుపోయేలా, వదిలేస్తే, ఫాల్ట్ (పొరలు తెగి జరిగిన చోటు) దాటాక అది గుట్టుగా పై పొర మీదికి ఎక్కింది. పటం మాత్రం ఎంతో నున్నగా వచ్చింది! బావి దగ్గర సింథటిక్‌తో (బావి లాగ్‌ల నుంచి లెక్కగట్టిన తరంగ రికార్డుతో) సరిచూసినప్పుడే ఒక సైకిల్ (ఒక పూర్తి తరంగం) తేడా బయటపడింది. ఆ లోతులో అది దాదాపు పాతిక మీటర్లు. బ్రైట్ స్పాట్ (ప్రతిధ్వని యాంప్లిట్యూడ్, అంటే బలం, బాగా ఎక్కువగా ఉన్న చోటు) చూసి గ్యాస్ దొరికిందని సంబరపడిన వారికి, రాతి రంధ్రాల్లో కొద్దిపాటి గ్యాస్ ఉన్నా యాంప్లిట్యూడ్ అంతే బలంగా రాగలదని చెప్పాల్సి వచ్చింది. పరీక్ష పేపరులో మార్కు పోయే ఈ పొరపాటుకు, కంపెనీలో చమురూ గ్యాసూ పడని బావి మూల్యం.

డిప్ స్టీరింగ్ (పొరల వాలును అనుసరించి లెక్కలు చేయడం), న్యూరల్ నెట్‌వర్క్ వంటివి కావాలంటే డబ్బు పెట్టి ప్లగిన్లు కొనాలి, విశ్వవిద్యాలయాలకు మాత్రం ఉచిత లైసెన్సు ఇస్తారు. ముడి షాట్ రికార్డుల (ఒక్కో కృత్రిమ ప్రకంపనకు నమోదైన తరంగాల) ప్రాసెసింగ్ నేర్చుకోవాలనుకునేవారికి కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో తయారైన సైస్మిక్ యునిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మేలు. గ్రాఫిక్స్ కార్డు లేని నా పాత లాప్‌టాప్‌లో త్రీడీ తెరను తిప్పడం ఎడ్లబండి ప్రయాణంలా సాగింది, ఆ నేరం సాఫ్ట్‌వేర్‌ది కాదు. కొత్తగా మొదలుపెట్టేవారు తొలి వారమంతా వెల్ టైకే (బావి లాగ్‌లను సైస్మిక్ డేటాతో సరిపోల్చడానికే) కేటాయించి, ఆ తరువాతే హొరైజన్ల జోలికి వెళ్లాలి.