ఏడున్నర అంగుళాల బ్యారెల్ ఉన్న రివాల్వర్‌ని ఎక్కడ కట్టుకోవాలి? ఆరేళ్ల హోల్‌స్టర్ అనుభవం

మా ఆవిడ నన్ను మొదటిసారి ఆ పట్టీలతో చూసి, "చేపలు పట్టడానికి పోతూ ఈ జంధ్యం ఏంటండీ?" అంది. పోలిక బాగానే కుదిరింది. ఒక భుజం మీదుగా ఏటవాలుగా దిగే తోలు పట్టీ, పక్కటెముకల చుట్టూ తిరిగే ఇంకో పట్టీ, రెండూ కలిసేచోట రొమ్ము మీద హోల్‌స్టర్, అంటే తుపాకీ పెట్టుకునే ఒర, అందులో కిలోన్నర స్టీలు రివాల్వర్. ఆరు వేసవులుగా ఇదే వేసుకుని తిరుగుతున్నాను. దీనికి ముందు రెండు హోల్‌స్టర్లు కొని మూల పడేశాను. పెద్ద రివాల్వర్ కొన్న కొత్తలో చాలామంది చేసే తప్పులే అవి, అందుకే వాటితో సహా రాస్తున్నాను.

మేముండేది అలాస్కాలో, యాంకరేజ్‌లో. వేసవి వస్తే రెండు గంటలు కారు నడిపి కూపర్ ల్యాండింగ్ దగ్గర రష్యన్ రివర్‌కి పోతాం, సాకై సాల్మన్ కోసం. మా గోదావరిలో పులస ఎలా ఎదురీదుకుంటూ వస్తుందో ఇక్కడ సాల్మన్ అలా వస్తుంది. గోదావరి గట్టున పులసకి పోటీ పడేది డబ్బున్నవాళ్లు, ఇక్కడ పోటీకొచ్చేది గోధుమరంగు ఎలుగుబంటి. అది ఎదురైతే ముందు చేతికి అందాల్సింది బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీద కొట్టే కారం స్ప్రే. అది ఎప్పుడూ నా బ్యాగు ఎడమ పట్టీకే ఉంటుంది. రివాల్వర్ దాని తర్వాతే. ఇన్నేళ్లలో దాన్ని ఎలుగుబంటి మీదికి తీయాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు, రాకూడదనే కోరుకుంటాను. అంటే హోల్‌స్టర్‌తో నాకున్న పని నూటికి తొంభై తొమ్మిది పాళ్లు మోయడమే. రోజుకు పది గంటలు మోయలేనిదాన్ని మనం చివరికి కారులోనే వదిలేసి పోతాం.

నాది రూగర్ సూపర్ రెడ్‌హాక్, .44 మాగ్నమ్, బ్యారెల్ ఏడున్నర అంగుళాలు. మొత్తం పొడవు 13 అంగుళాలు, బరువు ఖాళీగా 53 ఔన్సులు, అంటే కిలోన్నర. ఆరు తూటాలూ నింపితే ఇంకో 150 గ్రాములు. ఇదే తుపాకీలో రెండున్నర అంగుళాల బ్యారెల్‌తో 'అలాస్కన్' అనే పొట్టి మోడల్ ఉందిగా అంటారు. రేంజ్‌లో అదీ కాల్చి చూశాను. చేతిలో పొగరుబోతు గిత్తలా ఎగిరింది. పొడుగుదే నయమనుకున్నాను, మోసే బాధ నెత్తిన వేసుకున్నాను.

ఇక్కడున్న మనవాళ్లకి ఒక మాట. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు లాంటివి ఉన్నాయి గానీ, నేను ఆ మెలికల జోలికి పోలేదు. గ్రీన్ కార్డు చేతికొచ్చాకే కొన్నాను.

మొదట కొన్నది బెల్టుకు తగిలించుకునే తోలు హోల్‌స్టర్. దుకాణంలో నిలబడి చూసుకుంటే దర్జాగా ఉంది. కారు ఎక్కగానే అసలు సంగతి తెలిసింది. కూర్చోగానే బ్యారెల్ కొస సీటుకి తన్నుకుని, హోల్‌స్టర్ మొత్తం పైకి లేచి, పిడి పక్కటెముకల్లో పొడిచింది. సీటు బెల్టు బక్కిల్ దాని కింద ఇరుక్కుపోయింది. పెట్రోలు బంకు దగ్గర దిగి మళ్లీ ఎక్కేటప్పుడు ఆ యాతనంతా ఇంకోసారి. చివరికి విప్పి వెనక సీట్లో పెట్టాను.

ఏట్లో దిగితే అది ఇంకో కథ. నీళ్లలో తడవకుండా ఛాతీ దాకా వచ్చే ప్యాంటు, వేడర్స్, వేసుకుంటాం కదా, హోల్‌స్టర్ లోపల ఉంటే చెయ్యి అందదు, బయట కట్టుకుంటే నడుం లోతు నీళ్లలో తుపాకీకి స్నానం. కొండ ఎక్కుదామంటే బ్యాగు నడుం పట్టీ సరిగ్గా అక్కడికే వస్తుంది. మన నడుం చుట్టూ ఉన్న జాగా అంతా ముందే ఎవరో రిజర్వు చేసుకున్నట్టు ఉంటుంది. పొట్టి పిస్టల్ అయితే ఎలాగో సర్దుకుంటుందేమో, అడుగు పైన అంగుళం పొడవున్నది సర్దుకోదు.

ఆ తోలు బిగుసుకుపోయిందని నేను చేసిన వైద్యం కూడా చెప్పాలి. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె పట్టించాను. చలికి నూనె గడ్డకట్టి తెల్లగా మరకలు తేలింది, ఇంట్లోకి తెచ్చాక తోలు నానిన అప్పడంలా మెత్తబడిపోయింది. రివాల్వర్ తీయగానే నోరు మూసుకుపోయేది, తిరిగి పెట్టాలంటే రెండు చేతులూ కావాలి. హోల్‌స్టర్ తోలు గట్టిగానే ఉండాలి. దానికి నూనె వైద్యం చేయకూడదు.

రెండోది అచ్చంగా నా తప్పే. తక్కువ ధరలో వచ్చిందని 'రెడ్‌హాక్' అని రాసున్న హోల్‌స్టర్ తెప్పించాను. రెడ్‌హాక్, సూపర్ రెడ్‌హాక్ అన్నదమ్ములే గానీ ఒకరి చొక్కా ఇంకొకరికి పట్టదు. సూపర్‌లో ఫ్రేము (తుపాకీ ఒళ్లు) ముందుకు సాగి బ్యారెల్ మొదలుని రెండంగుళాలకు పైగా కప్పేస్తుంది. హోల్‌స్టర్‌లోకి సగం దిగి అక్కడే ఆగిపోయింది. కొనేటప్పుడు మోడల్ పేరు పూర్తిగా చెప్పండి, బ్యారెల్ పొడవు అంగుళాల్లో చెప్పండి. "పెద్ద రివాల్వర్‌కి సరిపోతుంది" అన్నవాటి జోలికి పోకండి.

తొడకు కట్టుకునేది ఒక స్నేహితుడిది వేసుకుని చూశాను. అడుగు వేసినప్పుడల్లా కాలికి గంట కట్టినట్టుంది, అరగంటలో విప్పేశాను.

ఛాతీ మీద కట్టుకునే హోల్‌స్టర్‌ని ఇక్కడి ఫిషింగ్ గైడ్ల దగ్గర చూసి చూసి, చివరికి నేనూ అదే దారికొచ్చాను. అలాస్కాలోనే వసిల్లా ఊళ్లో హోల్‌స్టర్లు చేసే డైమండ్ డీ వాళ్లు తమ ఛాతీ హోల్‌స్టర్‌కి 'గైడ్స్ ఛాయిస్' అనే పేరు పెట్టుకున్నారంటేనే ఇక్కడ ఇది ఎంత మామూలో అర్థమవుతుంది. నాది అది కాదు, ఒక చిన్న వర్క్‌షాప్‌లో నా తుపాకీ కొలతతో చేయించుకున్నది. కారులో కూర్చుంటే తుపాకీ ఉన్న సంగతే గుర్తుండదు. వేడర్స్ మీద, నీళ్లకు పైన ఉంటుంది. బ్యాగుకి ఎక్కడా అడ్డం రాదు, కాకపోతే ముందు హోల్‌స్టర్ వేసుకుని ఆ తర్వాతే బ్యాగు తగిలించుకోవాలి. తిరగేసి చేస్తే పట్టీలన్నీ చిక్కుపడతాయి.

మొదటి నెల మాత్రం భుజం నరకం చూపించింది. దానితో వచ్చిన పట్టీ రెండు వేళ్ల వెడల్పు కూడా లేదు. కాలర్ ఎముక మీద ఎర్రటి గీత పడి, సాయంత్రానికి మెడ ఒక పక్కకే తిరిగేది. చెప్పులు బాగుచేసే దుకాణంలో నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ, అడుగున గొర్రె ఉన్ని ముక్క వేయించాను. అదే తుపాకీ, అదే బరువు, సగం అయిపోయినట్టనిపించింది. చూడ్డానికి వెళ్తే హోల్‌స్టర్ జేబు కంటే ముందు పట్టీ వెడల్పు చూడండి.

పక్కటెముకల పట్టీ కూడా బిగువుగానే ఉండాలి. వదులుగా ఉంటే చేపను వలలోకి తీయడానికి వంగినప్పుడు తుపాకీ మొత్తం ముందుకు ఊగి ముఖానికి వచ్చినంత పని చేస్తుంది. మరీ బిగిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరాడదు. నేను టీషర్టు మీదికి నాలుగో కన్నం, వేడర్స్, జాకెట్ల మీదికి రెండో కన్నం అని పెన్నుతో గుర్తు పెట్టుకున్నాను.

చికాకులు లేవని కాదు. వాన పడితే జాకెట్ జిప్పు సగమే వేసుకోవాలి, పూర్తిగా వేస్తే లోపలున్నది ఉన్నా లేనట్టే. తడిసిన తోలు ఆరడానికి రెండు రోజులు పడుతుంది, హీటర్ దగ్గర పెడితే ముడుచుకుపోతుంది, ఓపిక పట్టాల్సిందే. పట్టీకి కుట్టిన తూటాల అరల్లో ఇత్తడి తూటాలు ఒక సీజన్‌కే పచ్చగా చిలుం పట్టాయి. ఇప్పుడవి జేబులో డబ్బీలో ఉంటాయి. రివాల్వర్‌ని కూడా ఇంటికి రాగానే తీసి తుడిచి లాకర్లో పెడతాను. తడి తోలులో స్టెయిన్‌లెస్ స్టీలుకైనా మరకలు పడతాయి. నాతో వచ్చేవాడికి కైడెక్స్ ప్లాస్టిక్‌ది ఉంది. ఒక్కసారి దులిపితే నీళ్లన్నీ పోతాయి, నాకు అసూయే. కానీ తీసినా పెట్టినా టక్కుమని మోగుతుంది, నడుస్తుంటే అంచులు ఒరుసుకుంటాయి. నాకైతే తోలే నయం.

ఇంకో సంగతి. ఛాతీ మీద ఉన్నప్పుడు బ్యారెల్ కొస నా ఎడమ నడుం వైపు కిందికి చూస్తుంది. బయటకు తీసేటప్పుడు ఎడమ చెయ్యి దాని దారిలోకి రాకూడదు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డుని పూర్తిగా కప్పే హోల్‌స్టర్ కాకపోతే కొననే వద్దు. నేను ఖాళీ తుపాకీతో, తూటాలుండే సిలిండర్‌ని రెండుసార్లు తెరిచి చూసుకుని, గ్యారేజీలో నెల రోజులు సాధన చేశాను. ఇప్పటికీ ప్రతి మే నెలలో వారం రోజులు చేస్తాను. మా ఆవిడ ఒకసారి ఇది వేసుకుని చూసి, ఆడవాళ్ల ఒంటికి కుదిరేలా ఎవరూ ఆలోచించినట్టు లేదని తిరిగిచ్చేసింది. స్ప్రే ఒక్కటే చాలంది.

ఈ ఏడు పిడి మీది పట్టీకున్న టిచ్ బటన్ వదులైంది. పొదల్లో నడుస్తుంటే దానంతటదే ఊడుతోంది. మంచు పడేలోపు మార్పించాలి.