మధురవాణి మగవేషం ఎందుకు తీసేశారు?

శనివారం మా ఊళ్లో గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకం చూశాను, టికెట్ 150 రూపాయలు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు దీన్ని. మహేశం ఆడపిల్ల వేషంలో ముసలి లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురయ్యే రంగం అద్భుతం. ఆ కుర్రాడు నడుం తిప్పలేదు, గొంతు సన్నం చెయ్యలేదు. తల వంచుకుని కూర్చున్నాడంతే. ఆ పీటల మీద తండ్రి డబ్బుకి ఇవ్వబోయిన పసిపిల్ల సుబ్బి ఉండాల్సింది కదా అని నాకు కడుపులో దేవింది.

కానీ చివర్లో వేశ్య మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులింటికి వెళ్లాలి. వీళ్లు ఆమెని చీరలోనే పంపి, కన్నీళ్లు పెట్టించారు. చాలా బాధేసింది. ఆ వేషంలోనే కదా ఆవిడ పంతులితో సమానంగా మాట్లాడేది! మగపిల్లాడికి చీర కట్టిన వాళ్లకి ఆవిడకి పంచె కట్టడానికి ఏం అడ్డొచ్చింది? మా అత్తయ్యా బస్సెక్కే దాకా అదే అడిగింది.