ట్రాంగియా 27: అరవై దాటిన సైకిలు యాత్రికుల స్పిరిట్ పొయ్యి

ఉద్యోగ విరమణ తరువాత సైకిలు మీద దూరప్రయాణాలు మొదలుపెట్టినవారు గేర్ల గురించి, గుడారం గురించి నలుగురినీ విచారిస్తారు గాని, పొయ్యి దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో చేతికందినదే కొనేస్తారు. పగలంతా తొక్కి, సాయంత్రం ఊరికి దూరంగా గుడారం వేసుకొనేవారికి రాత్రి తిండి, తెల్లవారి కాఫీ దాని మీదే జరగాలి కనుక, స్వీడన్ పడమటి తీరంలో నేను వాడుతున్న ట్రాంగియా 27 గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

1925లో స్వీడన్‌లోని ఒక పల్లెలో వంటపాత్రల తయారీతో మొదలైన సంస్థ ట్రాంగియా. గాలికి ఆరని ఈ రకం పొయ్యిని 1951లో తెచ్చింది. ఇందులో స్పిరిట్ (ఇంధనంగా వాడే ఆల్కహాలు) పోసే చిన్న ఇత్తడి గిన్నె, దాని చుట్టూ గాలిని అడ్డుకునే రెండు అల్యూమినియం తొడుగులు, రెండు గిన్నెలు, మూతగా కూడా పనికివచ్చే పెనం, ఒక పట్టకారు ఉంటాయి. అన్నీ ఒకదానిలో ఒకటి ఒదిగి, మొత్తం సుమారు ముప్పావు కిలో తూగుతాయి. పంపు స్టవ్వుకు పిన్ను పొడిచి పొడిచి విసిగిన మన తరానికి ఇందులో పొడవవలసిన రంధ్రమూ, కొట్టవలసిన పంపూ లేకపోవడమే పెద్ద ఊరట. కీళ్లు పట్టేసిన వేళ్లతో చలిలో మంట సరిచేసే మరలు తిప్పే పని లేదు. అడుగు వెడల్పు కనుక గిన్నె ఒరిగిపోదు. కింది తొడుగుకున్న రంధ్రాలను గాలి వచ్చే వైపు తిప్పి పెడితే, సముద్రపు గాలికి మంట ఆరకపోగా మరింత చురుకుగా మండుతుంది.

వేగం మాత్రం ఆశించకూడదు. లీటరు నీరు మరగడానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. గ్యాసు పొయ్యి అందులో సగం సమయంలోనే ఆ పని ముగిస్తుంది. ఒకసారి నింపిన స్పిరిట్ సుమారు 25 నిమిషాలు మండుతుంది. ఇంటి దగ్గరే రవ్వ వేయించి, పోపు కలిపి తీసుకువెళితే ఉప్మా హాయిగా అవుతుంది. నానబెట్టిన బియ్యం, పెసరపప్పు కలిపి పులగం వండుకోవచ్చు. కందిపప్పు జోలికి పోకపోవడం మంచిది. అది మెత్తబడేలోగా సీసాలోని స్పిరిట్ సగం హరించుకుపోతుంది. గిన్నెల అడుగున మసి పట్టడం మరొక చికాకు. స్పిరిట్‌లో పదో వంతు నీరు కలిపితే మసి బాగా తగ్గుతుంది.

పెద్దవారు జాగ్రత్త పడవలసిన విషయం ఒకటుంది. పగటి వెలుతురులో స్పిరిట్ మంట దాదాపు కనిపించదు, చప్పుడూ చేయదు. చూపు మందగించినవారు ఆరిపోయిందనుకొని సీసా ఎత్తి పోస్తే మంట సీసాలోకే అంటుకుంటుంది. కాబట్టి మంట మీద కప్పే మూతబిళ్లతో పూర్తిగా ఆర్పి, ఇత్తడి గిన్నెను చేతితో తాకగలిగేంత చల్లారిన తరువాతే మళ్లీ నింపాలి. ఆ గిన్నె మరమూత కూడా అప్పుడే బిగించాలి, లేకుంటే అందులోని రబ్బరు వలయం కరిగిపోతుంది. వాన పడుతున్నా గుడారం లోపల వెలిగించకూడదు. నిండు వంటగిన్నెను పట్టకారుతో ఎత్తడం వణికే చేతికి కష్టమే. సగానికి మించి నింపకపోవడం మేలు.

హెల్సింగ్‌బోరి నుంచి గోథెన్‌బర్గ్ దాకా సుమారు 390 కి.మీ. సాగే కట్టెగట్‌లేడెన్ సైకిలు మార్గానికి ఇది చక్కగా సరిపోతుంది. ఇళ్లకు ఎడంగా, పంట వేయని నేల మీద ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవడానికి ప్రకృతిలో ఎవరైనా తిరగవచ్చునన్న స్వీడన్ సంప్రదాయ హక్కు వీలిస్తుంది. అయితే ఆ తీరంలో చాలాచోట్ల రక్షిత ప్రాంతాలు ఉన్నాయి. వాటి నియమాలు వేరు. ఎండాకాలంలో నిప్పు నిషేధం ఉన్నప్పుడు పొయ్యికైనా అనుమతి ఉందో లేదో స్థానికంగా కనుక్కోవాలి.

ఒకరిద్దరికి 27 చాలు. ముగ్గురు నలుగురైతే పెద్దదైన 25 తీసుకోవాలి. కాఫీ, టీ లేనిదే కదలనివారు చిన్న కెటిల్ కలిపి ఇచ్చే రకాన్నే ఎంచుకోవాలి. స్పిరిట్‌ను విమానంలో తీసుకురానివ్వరు గనుక, ఇండియా నుంచి వచ్చేవారు దిగిన తరువాతే కొనుక్కోవాలి. పెట్రోలు బంకుల్లోనూ సూపర్ మార్కెట్లలోనూ అది దొరుకుతుంది.