"లైఫ్‌టైమ్ ఫ్రీ" టీవీ బాక్సు కొనకండి: మా ఇంట్లో జరిగింది ఇది

అన్ని చానళ్ళు, అన్ని ఓటీటీలు, ఒక్కసారి డబ్బు కడితే జీవితాంతం ఫ్రీ అంటూ ఫోన్‌లో రీల్స్ మధ్య వచ్చే టీవీ బాక్సుల ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే ముందు వెళ్ళి దాని ప్లగ్గు పీకేసి రండి, తర్వాత ఇది చదవండి.

మాది కాకినాడ. ఇంట్లో ఉన్నది పాత 32 అంగుళాల ఎల్ఈడీ టీవీ, స్మార్ట్ టీవీ కాదు. మా మామయ్యగారికి 74 ఏళ్ళు. మోకాలి ఆపరేషన్ అయ్యాక సినిమా హాలుకి వెళ్ళడం మానేశారు. ఎస్వీ రంగారావు, రేలంగి, సూర్యకాంతం ఉన్న సినిమా ఏదైనా వస్తుంటే ఆయనకి అన్నం కూడా గుర్తుండదు. కేబుల్లో పావుగంట సినిమాకి పది నిమిషాల ప్రకటనలని విసుక్కునేవారు. ఆయన కోసం ఏదైనా చెయ్యాలని నేను చూస్తున్న రోజుల్లోనే ఆ రీల్ కంటపడింది.

12,999 అని రాసి కొట్టేసి, పక్కన 4,999 అని వేశారు. 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ, 8కె స్పష్టత. కింద వాట్సాప్ నంబరు. మెసేజ్ పెట్టగానే ఫోనే చేశాడు. "డబ్బంతా ముందే వద్దక్కా, పార్సిల్ బుకింగ్‌కి 500 వేయండి చాలు. మిగతాది చేతికొచ్చాకే ఇవ్వండి" అన్నాడు. ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది. బిల్లు గురించి అడిగితే "బాక్సులోనే ఉంటుందక్కా" అన్నాడు. నాలుగు రోజులకి పార్సిల్ వచ్చింది. మిగిలిన 4,499 కొరియర్ అబ్బాయికి ఇచ్చాకే విప్పి చూశాను. లోపల బిల్లు లేదు. ఇంగ్లీషు, చైనీసు అక్షరాలున్న మడత కాగితం ఒకటి ఉంది. బాక్సు వెనక కంపెనీ పేరు లేదు. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు లేదు. మన దేశంలో అమ్మే అడాప్టర్ మీద ఆ గుర్తు, R- తో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

బాక్సు ఎలా పెట్టుకోవాలో అతనే వీడియో పంపాడు. అందులో చెప్పిన మొదటి పని, ప్లే స్టోర్‌లోకి వెళ్ళి ప్లే ప్రొటెక్ట్ ఆపేయడం. "ఎందుకు?" అంటే "ఆపకపోతే మన యాప్ ఎక్కదక్కా, అందరూ అలాగే చేస్తారు" అన్నాడు. ఆపేశాను. హానికరమైన యాప్‌లు లోపలికి రాకుండా ఆపడానికే గూగుల్ దాన్ని పెట్టింది. అంటే కాపలావాణ్ణి నా చేత్తోనే పంపించేశాను. మీరు ఇంకేది మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి: ప్లే ప్రొటెక్ట్ ఆపమని ఎవరైనా చెబితే ఆ వస్తువుని అక్కడికక్కడే వెనక్కి పంపేయండి.

మొదటి నెలంతా ఇంట్లో పండగే. మామయ్యగారు మధ్యాహ్నం ఒక సినిమా, రాత్రి ఒక సినిమా చూసేవారు. కాకపోతే బాక్సులో ఉన్నవి టీవీ కోసం చేసిన యాప్‌లు కావు, ఫోన్ యాప్‌లు. రిమోట్‌తో బాణం గుర్తుని తెర మీద జరుపుకుంటూ పోవాలి. ఆయన చెయ్యి కొంచెం వణుకుతుంది. ఒక సినిమా పెట్టబోతే ఇంకోటి వచ్చేది. మళ్ళీ మొదటికి. నేను వంటింట్లోంచి వచ్చి పెట్టేదాన్ని.

ఒకరోజు ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏంటోనమ్మా, ఆపరేషన్ చేయించుకున్న కన్ను మళ్ళీ మసకేస్తోంది" అన్నారు. శుక్లం ఆపరేషన్ అయి అప్పటికి రెండేళ్ళు. టెన్షన్ పడి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చుక్కలేసి, అన్ని పరీక్షలూ చేసి, కన్ను బాగానే ఉందన్నారు. అనుమానం వచ్చి ఆ రాత్రి నెట్‌ఫ్లిక్స్‌లో ఒకే సినిమా ఒకే సీన్ టీవీలో ఆపాను, నా ఫోన్‌లోనూ ఆపి టీవీ పక్కనే పట్టుకుని చూశాను. అకౌంటు ఒకటే, నెట్టూ ఒకటే. ఫోన్‌లో ఆ అమ్మాయి చీర అంచు మీద జరీ గీతలు లెక్కపెట్టొచ్చు. టీవీలో అంచూ చీరా కలిసిపోయి ఒకే రంగు. కన్ను బాగానే ఉంది, బాక్సే మసక.

దీని వెనక సంగతి నాకు మా ఆడపడుచు కొడుకు చెప్పాడు. వాడు బీటెక్ చదువుతున్నాడు, సెలవులకి వచ్చాడు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి తమ సినిమాని మంచి నాణ్యతతో పంపాలంటే ఆ పరికరం భద్రంగా ఉందని ముందు రూఢి చేసుకుంటాయట. గూగుల్ వారి వైడ్‌వైన్ అనే తాళం ఒకటుంది. అందులో ఎల్1 అంటే గట్టి తాళం, ఎల్3 అంటే పేరుకి తాళం. ఎల్3 ఉన్న పరికరానికి నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ నాణ్యతతో పంపదు. ప్రకటనలో 8కె అని రాసుకున్నా, మనం ఎంత ఖరీదైన ప్లాన్ కట్టినా అంతే. డీఆర్ఎం ఇన్ఫో అనే ఉచిత యాప్ వేసి చూపించాడు: ఎల్3. ఇంకో యాప్ వేసి ర్యామ్ చూశాడు. సెట్టింగ్స్‌లో 8 జీబీ అని ఉంది, లోపల నిజంగా ఉన్నది 2. సెట్టింగ్స్ పేజీలో కనిపించే అంకెనే మార్చి పంపారు. అట్టపెట్టె మీద అబద్ధం రాయడం వేరు, పరికరం చేతే అబద్ధం చెప్పించడం వేరు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

ఈలోగా లైఫ్‌టైమ్ కూడా అయిపోయింది. సరిగ్గా ఏడో వారం, క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు, చానళ్ళ యాప్ తెరిస్తే గడువు ముగిసింది, అమ్మినవారిని సంప్రదించండి అని వచ్చింది. ఫోన్ చేస్తే "బాక్సుకి లైఫ్‌టైమ్ అక్కా, సర్వర్‌కి ఏడాదికి 1,500" అన్నాడు. నేను గట్టిగా మాట్లాడేసరికి బ్లాక్ చేశాడు. వందల చానళ్ళు ఫ్రీగా ఎలా వస్తాయని కొనేరోజు నేను అడగలేదు. దొంగతనంగా లాగి పంచుతున్నవి కాబట్టి వచ్చాయి. మన సినిమా తీసినవాళ్ళ కష్టం అది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టంలో పైరసీకి 3 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా ఉన్నాయి. అలాంటి సరుకు మీద ఎవడూ జీవితకాలం హామీ ఇవ్వలేడు.

డబ్బు పోయింది, సరే అనుకున్నాను. కానీ అసలు విషయం అది కాదు.

కొన్ని వారాలుగా ఇంట్లో వైఫై మీద గూగుల్‌లో ఏది వెతికినా "మీరు రోబో కాదని నిరూపించండి" అని వచ్చేది. ట్రాఫిక్ లైట్లున్న గళ్ళు నొక్కు, జీబ్రా క్రాసింగ్‌లున్న గళ్ళు నొక్కు. మొబైల్ డేటాకి మారితే ఆ గొడవ ఉండేది కాదు. నెట్ నెమ్మదించిందని కేబుల్ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను, లైన్ బాగానే ఉందన్నారు. ఒక రాత్రి రెండు గంటలకి మంచినీళ్ళకి లేస్తే హాల్లో చీకట్లో రౌటర్ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది. అందరూ నిద్రపోతున్నారు, టీవీ ఆపేసి ఉంది. బాక్సు మీద చెయ్యి పెడితే అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలింది. మర్నాడు ఆడపడుచు కొడుకే రౌటర్ యాప్ తెరిచి ఏ పరికరం ఎంత డేటా వాడుతోందో చూశాడు. మేం సినిమాలు చూడటానికి బాక్సు లోపలికి తెచ్చుకున్నదానికంటే, మేం పడుకున్నాక అది బయటికి పంపిందే ఎక్కువ.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. బ్యాడ్‌బాక్స్ అని దీనికి పేరే ఉంది. పేరూ ఊరూ లేని చౌక ఆండ్రాయిడ్ బాక్సుల్లోకి అమ్మకానికి రాకముందే మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు. కొన్నిట్లో మొదటిసారి ఆన్ చేసి యాప్‌లు వేసుకునేటప్పుడు ఎక్కుతుంది. 2024 డిసెంబరులో జర్మనీ సైబర్ భద్రతా సంస్థ తమ దేశంలోనే అలాంటి 30,000 పరికరాలకి వాటిని నడిపే సర్వర్లతో సంబంధం తెంపేసింది. 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ జనాన్ని బహిరంగంగా హెచ్చరించింది. జులైలో దీన్ని నడిపేవాళ్ళ మీద గూగుల్ కోర్టుకెక్కింది. కోటికి పైగా పరికరాలకి ఇది సోకిందని చెప్పింది. ఎఫ్‌బీఐ చెప్పిన లక్షణాలు చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది: ఫ్రీగా అన్నీ చూడొచ్చని అమ్మడం, ఎవరూ వినని బ్రాండు, ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం, ఇంటి నెట్‌లో కారణం తెలియని రాకపోకలు. అన్నీ మా హాల్లో ఉన్నవే.

ఆ బాక్సులు చేసే పనుల్లో ఒకటి మీ ఇంటి ఇంటర్నెట్టుని ఇంకొకరికి అద్దెకివ్వడం. ఎక్కడో కూర్చున్నవాడు మోసం చేస్తాడు, దొంగ అకౌంట్లు తెరుస్తాడు, ప్రకటనల మీద దొంగ క్లిక్కులు కొడతాడు. అదంతా మీ ఇంటి ఇంటర్నెట్ చిరునామా మీదుగా వెళుతుంది. అందుకే గూగుల్ మమ్మల్ని రోబోలా అని అడిగింది. రేపు ఎవరైనా వెతుక్కుంటూ వస్తే మొదట కనిపించేది మన కనెక్షనే, మన పేరే. 4,999 రూపాయలకి నేను కొన్నది బాక్సు కాదు, నా ఇంటి తాళంచెవి తీసుకెళ్ళి తెలియనివాడి చేతిలో పెట్టాను.

ఫ్యాక్టరీ రీసెట్ కొడితే పోతుందనుకోవద్దు. చాలావాటిలో అది యాప్‌లా పైన కూర్చునేది కాదు, బాక్సుని నడిపించే మూల సాఫ్ట్‌వేర్ (ఫర్మ్‌వేర్)లోనే ఉంటుంది. రీసెట్ కొడితే మళ్ళీ అదే వస్తుంది. మేం బాక్సు పీకేశాం. వైఫై పాస్‌వర్డ్, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాం. బాక్సులో వేసిన గూగుల్ అకౌంటులోంచి ఆ పరికరాన్ని తీసేసి పాస్‌వర్డ్ మార్చాం. నెట్‌ఫ్లిక్స్‌లో అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేశాం. అంతకుముందు నేను చేసిన పెద్ద తప్పు, అదే గూగుల్ అకౌంటు నా ఫోన్‌లో ఫొటోలకీ కాంటాక్టులకీ వాడటం. రెండు మూడు రోజులకి ఆ రోబో ప్రశ్నలు ఆగిపోయాయి.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఆ బాక్సు చూసి, "పనికిరాకపోతే మా పిల్లలకి ఇవ్వండమ్మా, టీవీకి పెట్టుకుంటారు" అంది. ఇవ్వలేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పక్కన కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. అప్పుడు అంది, వాళ్ళ వీధిలో ముగ్గురి ఇళ్ళలో ఇలాంటివే ఉన్నాయని. ఒకరు 2,200కి కొన్నారట. ఇది రాయాలని కూర్చున్నది ఆ మాట విన్నాకే. ఇలాంటి బాక్సుని పాత సెల్‌ఫోన్లూ చార్జర్లూ తీసుకునే ఈ-వేస్ట్ వాళ్ళకి ఇవ్వండి. ఎవరికీ దానం చెయ్యకండి, పాత సామాన్ల సైట్‌లో అమ్మకండి.

1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. బిల్లుందా, అమ్మినవారి పేరు, చిరునామా ఏవి అని అడిగారు. నా దగ్గర ఉన్నది ఒక వాట్సాప్ నంబరు, ఎవరో వ్యక్తి పేరు మీదికి 500 వెళ్ళిన యూపీఐ రసీదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు తమ పేరు, చిరునామా, ఫిర్యాదు తీసుకునే అధికారి వివరాలు చూపించాలి. 5 లక్షల లోపు కొనుగోలైతే వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ఇన్ని ఉండి కూడా, ఎవరి మీద వెయ్యాలో తెలియక నా ఫిర్యాదు అక్కడే ఆగింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పాను. వెంటనే చెయ్యాల్సింది, నేను రెండు నెలలకి చేశాను. డబ్బు తిరిగి రాలేదు.

పాత టీవీని స్మార్ట్ చేసుకోవాలంటే ఊళ్ళో బిల్లిచ్చే షాపుకి వెళ్ళండి. పేరున్న కంపెనీ స్టిక్కో బాక్సో మూడు నాలుగు వేల నుంచి దొరుకుతోంది. ఆండ్రాయిడ్‌దైతే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిచి, ప్లే ప్రొటెక్ట్ సర్టిఫైడ్ అని ఉందో లేదో షాపులోనే చూడండి. రిమోట్ మీద నెట్‌ఫ్లిక్స్ బొమ్మ ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, మాదాని మీదా ఉంది. నెల నెలా కట్టడం భారమైతే దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్‌కి నెలవారీ రుసుం లేదు. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే ఓటీటీ కూడా మొదలుపెట్టింది. ఇక మామయ్యగారు అడిగే పాత సినిమాలు చాలావరకు హక్కులున్నవాళ్ళే యూట్యూబ్‌లో పెట్టారు. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే మాకు ఆ బాక్సు అవసరమే వచ్చేది కాదు. ఇప్పుడు కొత్త స్టిక్‌లో మైకు బటన్ నొక్కి "ఎస్వీ రంగారావు" అంటారు, వచ్చేస్తుంది.

మొన్న రాత్రి అదే రీల్ మళ్ళీ నా ఫోన్‌లోకి వచ్చింది. పేజీ పేరు మారింది, నంబరు మారింది. గొంతు మాత్రం అదే, "అక్కా, ఒక్కసారి కడితే చాలక్కా." ఈసారి పండగ ఆఫర్ అట, 3,999. నేను రిపోర్ట్ కొట్టాను. మీకు కనిపిస్తే మీరూ కొట్టండి.